ఇంటివద్ద చదివే పిల్లల బొమ్మలు, రాతలు

బడికి పోయే పిల్లవాడు ఒక బొమ్మ గీస్తే దానిని చూసే కళ్ళు చాలా ఉంటవి. ప్రక్కన కూర్చున్నవాడు తొంగి చూసి, "ఏనుగుకు తొండం ఇంత పొడుగా?" అని నవ్వుతాడు. పంతులుగారు పుస్తకం తిరగవేసి ఒక మాట అంటారు. ఏ బాలల దినోత్సవం నాడో ఆ బొమ్మ గోడకు కూడా ఎక్కవచ్చు. ఇంటివద్దనే చదువుకొనే బిడ్డకు ఇదంతా లేదు. వాడు బొమ్మ గీస్తాడు. తల్లి చూసి "బాగుంది నాయనా" అంటుంది. సాయంకాలం తండ్రి ఇంటికి వచ్చి ఆయనా బాగుందంటాడు. ఆ తరువాత కాగితం బియ్యపు డబ్బా క్రిందికో, బీరువా పైకో చేరుతుంది. ఆ ఇంట ప్రేమకు కొదువ లేదు, మెప్పుకూ కొదువ లేదు. ఇంటివారు కాని మనిషి చూడటం ఒక్కటే కొదువ.

రాత విషయం ఇంకా కష్టం. బొమ్మను చూడటానికి క్షణం చాలు. రాతను చదవటానికి ఎవరైనా కూర్చోవలె. తన్నెరుగని మనిషి ఒకడు తన వాక్యాన్ని చదువుతాడని తెలిసినప్పుడే పిల్లవాడు "అక్కడ" అని వ్రాసి ఊరుకోక, "మా వెనక వీధి బావి దగ్గర" అని వ్రాయటం నేర్చుకొంటాడు. అమ్మకు "అక్కడ" అంటే తెలుసును. పరాయివాడికి తెలియదు. ఇంటి చదువులో ఈ పరాయి పాఠకుడు దొరకడు. అతనిని ఏడాదికి ఒకసారియైనా తెచ్చి ఇవ్వటానికి మంచి ఉపాయం చిత్ర, రచనా ప్రదర్శనం. దానిని ఎట్లా ఏర్పాటు చేయవచ్చునో వికారాబాదు జిల్లాలోని బషీరాబాదును దృష్టిలో పెట్టుకొని మనవి చేస్తాను.

ఇంటి చదువు మనకు కొత్తది కాదు. రవీంద్రుడు బడులలో ఇమడలేక చిన్ననాటి చదువు చాలావరకు ఇంటివద్దనే సాగించాడు. మన తెలుగునాట 1874లో జన్మించిన భండారు అచ్చమాంబగారు బడి ముఖం ఎరుగరు. చిన్ననాడే వివాహమైంది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకొంటూ ఉండగా ఆయన తోడుగా ఆమె ఇంటివద్దనే చదువు నేర్చారు. 1902లో ఆమె 'ధనత్రయోదశి' కథ 'హిందూ సుందరి' పత్రికలో వెలువడింది. స్త్రీల జీవిత చరిత్రలు కూర్చి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వ్రాశారు. ఇంట నేర్చిన చదువు ఇంటి గడప దాటి పాఠకులను చేరినందువల్లనే ఈనాడు మనకు ఆమె పేరు తెలిసింది.

నేడు ఇంటివద్ద చదివే పిల్లలలో ముఖ్యంగా రెండు విధాలవారున్నారు. బడి వద్దనుకొని తామే చదువు చెప్పుకొనే తల్లిదండ్రుల పిల్లలు మొదటివారు. వీరు పరీక్షలకు సార్వత్రిక విద్యాపీఠాన్ని ఆశ్రయిస్తారు. 1989లో స్థాపితమైన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానమైన మెట్లు, ఆపైన పది, పన్నెండు తరగతుల పరీక్షలు ఉన్నవి. తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠం పదవ తరగతి, ఇంటర్మీడియటు నడుపుతున్నది.

రెండవవారు తీవ్రమైన అంగవైకల్యం గల పిల్లలు. 2009 నాటి విద్యాహక్కు చట్టాన్ని 2012లో సవరించినప్పుడు, ఇటువంటి పిల్లలకు ఇంటివద్దనే విద్య పొందే హక్కు కూడా ఇచ్చారు. తెలంగాణ మండలాలలో భవిత కేంద్రాలు ఉన్నవి. వాటికి చెందిన ప్రత్యేక ఉపాధ్యాయులు కదలలేని పిల్లల ఇళ్ళకే వెళ్ళి పాఠం చెపుతారు. పట్టణాలలో ఇంటి చదువు అనగానే మొదటి విధంవారు గుర్తుకు వస్తారు. పల్లెలలో నిజంగా ఇంటివద్ద చదివేది ఎక్కువగా ఈ రెండవవారే. ఊరిలోనే పుట్టి, ఊరివారి కంటబడకుండా పెరిగే బిడ్డలు వీరు. ప్రదర్శనం అవసరం అందరికంటె వీరికే ఎక్కువ.

ఇక ఒక సంవత్సరంపాటు పిల్లలందరూ ఇంటి విద్యార్థులే అయిన కాలాన్ని మనం చూశాము. 2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడినవి. ఆ సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమైనవి. నడుమ పెద్ద తరగతులకు కొద్ది వారాలు తప్ప, 2021 సెప్టెంబరు వరకు పిల్లలు ఇంటనే ఉన్నారు. పాఠం ఇంటికి వచ్చింది కాని, తోటి పిల్లలు రాలేదు. అప్పుడు పిల్లలు ఏమి కోల్పోయినారో తల్లిదండ్రులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఇంటి చదువు పిల్లలకు ఆ స్థితి ఒక్క ఏడాదితో తీరేది కాదు.

ఇక్కడ ఒక మాట నిష్కర్షగా చెప్పవలె. కంది కోతకో, పత్తి తీయటానికో, చిన్న తమ్ముని ఎత్తుకొనటానికో ఇంట ఉంచిన పిల్లను "ఇంటివద్ద చదువుతున్నది" అనటం తగదు. ఆరు మొదలు పదునాలుగేళ్ళ వరకు ప్రతి బిడ్డకు ఉచిత విద్య హక్కు అని చెప్పే చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. ప్రదర్శనం కొరకు ఇల్లిల్లు తిరిగేవారికి ఇటువంటి పిల్ల కనబడితే బొమ్మ ఒకటి అడిగి పుచ్చుకొని తిరిగి రాకూడదు. ఆ పిల్ల విషయం దగ్గరి బడి ప్రధానోపాధ్యాయుని చెవిని వేసి రావలె.

పిల్లల చేతిపనిని పదిమందికి చూపటం వెనుక కొంత చరిత్ర ఉన్నది. 1897లో వియన్నా నగరంలో ఫ్రాంజ్ చిజెక్ అనే చిత్రకారుడు పిల్లలకు ఒక తరగతి తెరచి, నమూనా చూసి నకలు గీయించటం మానిపించాడు. తోచినది గీయనిచ్చాడు. ఆ బొమ్మలు తరువాత ఇంగ్లండులో ప్రదర్శితమైనప్పుడు, పిల్లల బొమ్మకు పెద్దల బొమ్మకన్న వేరైన అందం ఒకటున్నదని చూపరులు గ్రహించారు. మన దేశంలో వ్యంగ్య చిత్రకారుడు శంకర్ 1949లో పిల్లలకు పోటీ ప్రారంభించి, మరుసటి ఏడు ఇతర దేశాల పిల్లలకు కూడా దానిని తెరిచాడు. అందులో బొమ్మలతో పాటు రచనలకూ చోటిచ్చాడు. తెలుగువారికి రేడియో అన్నయ్య, అక్కయ్యలు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఉండనే ఉన్నారు. 1940లో వారు మద్రాసులో బాలానంద సంఘం స్థాపించారు. 1945లో 'బాల' పత్రిక వెలువరించారు. ముళ్ళపూడి వెంకటరమణ, బాపుల చిన్ననాటి పనికి చోటిచ్చినది ఆ పత్రికే. ఆ పిల్లలు ఏమవుతారో అప్పుడెవరికీ తెలియదు. తెలియకుండానే చోటివ్వటంలో ఆ దంపతుల పెద్దతనం ఉన్నది.

ఇప్పుడు బషీరాబాదుకు వద్దాము. ఇది జిల్లాకు కొసన, కర్ణాటకను ఆనుకొని ఉన్న మండలం. సికింద్రాబాదు నుండి వాడి పోయే రైలుమార్గం ఈ ప్రాంతం మీదుగానే పోతుంది. నేల క్రింద నాపరాయి, నేల పైన కంది పంట. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. వీధిలో తెలుగు, కన్నడం, ఉర్దూ, లంబాడీ నాలుగూ వినవచ్చును. ఇటువంటి చోట ప్రదర్శనానికి కావలసిన సరకంతా ఊళ్ళోనే ఉన్నది.

సమయం విషయంలో పొలం పనిని మరువరాదు. కంది కోత, నూర్పిడి డిసెంబరు, జనవరి నెలలలో సాగుతవి. ఆ రోజులలో ఏ తండ్రికీ బొమ్మలు చూసే తీరిక ఉండదు. మార్చి దాటితే ఎండ. కనుక ఫిబ్రవరిలో ఒక ఆదివారం యుక్తం. ఆదివారమైతే బడి వరండాయో, ఒక పెద్ద గదియో అడిగి పుచ్చుకొనవచ్చు. పంచాయతీ భవనమైనా మంచిదే. మెట్లు లేని చోటు చూడవలె. మెట్లుంటే పలకల వాలు ఒకటి వేయించవలె. చక్రాల కుర్చీలో వచ్చే బిడ్డను నలుగురు ఎత్తుకొని లోపలికి తెస్తే, ఆ బిడ్డ తన బొమ్మ దగ్గరకు కాక నలుగురి జాలి మధ్యకు వచ్చినట్లవుతుంది.

పిల్లలు ఎందరు దొరుకుతారు అన్న సంశయం వద్దు. భవిత కేంద్రపు ఉపాధ్యాయులను, అంగన్‌వాడీ కార్యకర్తలను, గ్రంథాలయ నిర్వాహకులను అడిగితే మండలంలోని పిల్లలు తెలుస్తారు. తాండూరు నుండి, వికారాబాదు నుండి మరికొందరిని పిలవవచ్చు. ఇరవైమంది అయితే నిండు ప్రదర్శనం. అయిదుగురే అయినా చాలు. రెండు నెలల ముందుగా కబురు చేయవలె. ఒక్కొక్కరినుండి మూడు బొమ్మలు, రెండు రచనలు అడగవచ్చు. వాటిని ఎన్నుకొనేది పిల్లలే. తల్లికి నచ్చిన బొమ్మ ఒకటి, బిడ్డకు నచ్చినది ఒకటి అయినప్పుడు బిడ్డ మాట నెగ్గవలె.

విషయం నిర్ణయించి ఇవ్వటం అంత మంచిది కాదు. "సమైక్యత", "పరిశుభ్రత" అని పేర్లు పెడితే ఇరవై ఇళ్ళ నుండి ఒకే బొమ్మ ఇరవై సార్లు వస్తుంది. అడిగితే ఇట్లా అడగవచ్చు: మీ కిటికీలోనుండి ఏమి కనబడుతుంది? కాగ్నా నది నిండుగా పారినప్పుడు చూశావా? రాతి గనిలో బండ కోసే చప్పుడు ఎట్లా ఉంటుంది? మీ నానమ్మ ఎవరిమీద కోప్పడుతుంది? కదలలేని బిడ్డకు కిటికీయే ప్రపంచం. ఒకే కిటికీని ఆరు వేళలలో గీసిన ఆరు బొమ్మలు వరుసగా పెడితే అంతకన్న మంచి వరుస ఉండదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయం పెద్దల చేయి. ఇంటి చదువులో గురువు, తల్లి ఒకరే. ఊరివారు చూస్తారనగానే ఆ తల్లి చేయి ఊరుకోదు. "ఈ ముక్కు కాస్త సరిదిద్దుతాను" అంటుంది. ముక్కు సరి అవుతుంది, బొమ్మ పోతుంది. ఆమె తొందర అర్థం కానిది కాదు. బడి మాన్పించి తప్పు చేసిందని చుట్టాలంటున్నారు, ఈ గోడమీద తన తీర్పు ఉన్నదని ఆమె భయం. ఆ భయాన్ని తొలగించవలసిన బాధ్యత నిర్వాహకులది. "మేము చూడదలచినది మీ బోధనను కాదమ్మా, బిడ్డ చేతిని" అని ముందే స్పష్టంగా చెప్పవలె.

ఈ విషయంలో నా తప్పు ఒకటి చెప్పుకొంటాను. కొన్నేళ్ళ క్రిందట పిల్లల కార్యక్రమానికి తొమ్మిదేళ్ళ బాలిక చెట్ల గురించి వ్యాసం చదవటానికి వచ్చింది. పెద్దవారెవరో వ్రాసి ఇచ్చిన వ్యాసమని రెండవ వాక్యంలోనే తెలిసిపోయింది. రికార్డింగు ముగిసిన తరువాత, "మీ ఇంట చెట్టున్నదా అమ్మా?" అని అడిగాను. ఉన్నదట, వేపచెట్టు. గాలివానకు దాని కొమ్మ విరిగి నానమ్మ మంచం మీద పడిందట. నానమ్మ ఆ వేళకు మేకను కట్టివేయటానికి లేచిందట గనుక బ్రతికిందట. నాటినుండి ఆ మేకను కొట్టటానికి ఇంట ఎవరికీ చేయి రాదట. నేను నవ్వుతూ విన్నాను. మైకు కట్టివేసి ఉన్నది. వ్యాసం ప్రసారమైంది, వేపచెట్టు కాలేదు. ఆ బాలిక తాను చెప్పినది రేడియోకు తగని మాట అనుకొని ఇంటికి పోయి ఉంటుంది. మళ్ళీ మైకు తెరచి రెండు నిమిషాలు చెప్పించటం నా చేతిలోని పని. అది చేయలేదు.

అందుచేత రచనల విషయంలో ఈ పద్ధతి పాటించటం మంచిదని నా అభిప్రాయం. బిడ్డ వ్రాసినది వ్రాసినట్లే పెట్టవలె. ఒత్తు తప్పినా, దీర్ఘం పోయినా దిద్దకూడదు. తప్పులతో గోడకెక్కించటానికి బిడ్డయే సిగ్గుపడితే, తానే మరొక ప్రతి వ్రాసుకొనవచ్చు. రెండు ప్రతులూ ప్రక్కప్రక్కన పెడితే ఇంకా బాగుంటుంది, ఎట్లా దిద్దుకొన్నాడో చూపరికి తెలుస్తుంది. వ్రాయలేని బిడ్డ చెపితే పెద్దవారు వ్రాయవచ్చు, కాని నోటినుండి వచ్చిన మాటనే వ్రాయవలె. "మేక గెంతింది" అంటే "మేక ఆనందంతో గంతులు వేసింది" అని మార్చరాదు. క్రింద "చెప్పినది ఫలానా, వ్రాసినది ఫలానా" అని ఇద్దరి పేర్లూ ఉండవలె. వ్రాత, బొమ్మ రెండూ కుదరని పిల్లల గొంతును ఫోనులో రికార్డు చేసి, ఒక మూల బల్లమీద వినిపించవచ్చు. చూపులేని పిల్లల మట్టిబొమ్మలను గాజుపెట్టెలో పెట్టక, తాకి చూడనివ్వవలె. కన్నడంలోనో, ఉర్దూలోనో వ్రాసిన పిల్లల రచనను ఆ లిపిలోనే పెట్టి, ప్రక్కన తెలుగు తాత్పర్యం చిన్న చీటిమీద ఉంచవలె. లంబాడీ మాటను తెలుగు అక్షరాలలో వ్రాసినా నిక్షేపంగా చదవవచ్చును.

గోడ లెక్క ముందుగా చూసుకొనవలె. ఇరవైమందికి మూడేసి చొప్పున అరవై బొమ్మలు. సామాన్యమైన డ్రాయింగు కాగితానికి, నడుమ ఖాళీతో కలిపి, ఒకటిన్నర అడుగు పడుతుంది. ఒకే వరుసలో తొంబై అడుగుల గోడ కావలె, రెండు వరుసలైతే నలభై అయిదు. ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు గల గదికి చుట్టూ గోడ డెబ్బై అడుగులు. తలుపులు, కిటికీలు పోయినా సరిపోతుంది. మూడవ వరుస పెట్టరాదు. పై వరుస ఎవరూ చూడరు.

పెద్దల ప్రదర్శనాలలో పటాలను అయిదడుగుల ఎత్తున కడతారు. ఇక్కడ రెండు వరుసల నడిమి భాగం నేలనుండి మూడున్నర అడుగుల దగ్గర ఉండవలె. ఎనిమిదేళ్ళ పిల్లకు, చక్రాల కుర్చీలో కూర్చున్న పిల్లవాడికి కళ్ళు సుమారు ఆ ఎత్తుననే ఉంటవి. పెద్దలు వంగి చూస్తారు. పిల్లల పని ముందు పెద్దలు కాస్త వంగటంలో తప్పు లేదు. నులక తాడు రెండు వరుసలుగా బిగించి, బట్టలు ఆరవేసే క్లిప్పులతో కాగితాలు తగిలించవచ్చు. బొమ్మమీద అంటుపట్టీ వేయకూడదు, తీసేటప్పుడు రంగు ఊడివస్తుంది. నీటి రంగులు ఎండకు వెలుస్తవి గనుక పడమటి కిటికీ ఎదుట వాటిని కట్టరాదు. బొమ్మ క్రింద చీటిమీద పేరు, వయస్సు, ఊరు, బొమ్మ గురించి బిడ్డ చెప్పిన ఒక మాట చాలును. ఇంటి నంబరు, ఫోను నంబరు పెట్టకూడదు. వ్యాధి పేరు, వైకల్యం పేరు అసలే పెట్టకూడదు.

ఒక పేజీకి మించిన రచనలు గోడమీద ఎవరూ చదవరు. వాటిని దారంతో కుట్టి చిన్న పుస్తకాలుగా చేసి, బల్లమీద పెట్టి, చుట్టూ నాలుగు పీటలు వేయవలె. పీట ఉంటేనే మనిషి కూర్చుంటాడు, కూర్చుంటేనే చదువుతాడు.

ఇక నాపరాయి. ఈ ప్రాంతంలో బండలు కోసే చోట్ల విరిగిన ముక్కలు గుట్టలుగా పడి ఉంటవి. అంచులు నున్నగా అరగదీయించి, ఒక్కొక్క ముక్క ఇస్తే, సుద్దతో గీయటానికి అంతకంటె మంచి పలక లేదు. ప్రదర్శనం నాడు వరండాలో ఇరవై ముక్కలు పరచి, వచ్చిన పిల్లలందరినీ గీయమనవచ్చు. ఇంటివద్ద చదివేవారు, బడికి పోయేవారు అప్పుడు ప్రక్కప్రక్కనే కూర్చుంటారు. బడి పిల్లలకు కూడా లోపల ఒక గోడ ఇవ్వటం యుక్తం. లేకపోతే ఇంటి పిల్లలు ఊరికి వింతవస్తువులవుతారు.

బహుమతులు ఉండాలా అని అడుగుతారు. వద్దని నా మనవి. శంకర్ పోటీ వంటి చోట దేశదేశాల పిల్లలు పాల్గొంటారు, ఓడినవాడికి గెలిచినవాని ముఖం తెలియదు. ఇరవైమందిలో ముగ్గురికి బహుమతులిస్తే పదిహేడుగురు ఓడి ఇంటికి పోతారు, అదీ మొదటిసారిగా ఇల్లు దాటి వచ్చినవారు. బహుమతికి బదులు ఒక సంచీ పద్ధతి ఉన్నది. ఒక్కొక్క బిడ్డ పేర ఒక గుడ్డ సంచీ వ్రేలాడదీసి, ద్వారం దగ్గర చీటీలు, పెన్సిళ్ళు ఉంచవలె. చూపరులు తాము చూసిన బొమ్మ గురించో, చదివిన రాత గురించో ఒక వాక్యం వ్రాసి ఆ సంచీలో వేయవలె. "చాలా బాగుంది" అని మాత్రం వ్రాయరాదని ముందే కోరవలె. ఆ మాట ఇంట విన్నదే. "నీ రైలుకు పొగ ఎందుకున్నది? ఇప్పటి రైలుకు ఉండదు కదా" అని వ్రాస్తే పిల్లవాడు ఆలోచిస్తాడు. "మా తాత కూడా బావిలో చెంబు పడవేసుకొన్నాడు" అని వ్రాస్తే తన రాత ఒకరికి చేరిందని తెలుసుకొంటాడు. సంచీలను పిల్లల చేతికిచ్చే ముందు ఒక పెద్దమనిషి చీటీలన్నీ చదివి, నొప్పించే మాట ఉంటే తీసివేయటం మంచిది.

సాయంకాలం అరగంటసేపు చదువు కొలువు పెట్టవచ్చు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. చదవటం ఇష్టం లేనివారిని బలవంతపెట్టరాదు. తడబడినవానికి మాట అందించరాదు. మైకు ముందు పెద్దలు కూడా తడబడతారని, ఆ తడబాటు తీరటానికి కొంత నిశ్శబ్దం చాలునని నా ఉద్యోగంలో నేను నేర్చుకొన్నాను.

ముగిసిన తరువాత ఒక్క కాగితం కూడా పోకుండా తిరిగి ఇంటికి చేర్చవలె. ప్రతి దాని వెనుక తేదీ వేసి, వరుసగా ఒక అట్టలో దాచితే, మరుసటి ఫిబ్రవరికి బిడ్డ ఎంత ఎదిగినదీ ఆ అట్టయే చెపుతుంది. పరీక్ష మార్కులు లేని ఇంటి చదువుకు అంతకంటె నమ్మదగిన లెక్క లేదు. చుట్టాల మాటలకు భయపడే ఆ తల్లికి కూడా అదే జవాబు.

ఖర్చు స్వల్పం. తాడు, క్లిప్పులు, కాగితాలు, చీటీలు, వచ్చినవారికి మంచినీళ్ళు. కష్టమైనది ఒకటే, మనుషులను రప్పించటం. బొమ్మలను చూడటానికి తల్లిదండ్రులే వస్తే అది ఇంటి గోడను బడి వరండాకు మార్చినట్లే అవుతుంది. కిరాణా దుకాణదారు, బండలు కోసే కార్మికుడు, బస్సు కండక్టరు, పొరుగు వీధి ముసలమ్మ రావలె. ఈ మాటలు చదువుతున్న మీ ఊళ్ళో ఇటువంటి ప్రదర్శనం జరిగితే, మీ పిల్లలు అందులో లేకపోయినా వెళ్ళి, ఒక పీటమీద కూర్చొని, ఒక రాత చివరివరకు చదివి, ఒక చీటీ వ్రాసి రండి. మీరు ఎవరో తెలియకపోవటమే ఆ బిడ్డకు కావలసినది.